శక్తి, సంకల్పము, స్వస్థత: ‘యద్భావం తద్భవతి’ బోధపై ఒక వేదాంత విమర్శ

ఉపోద్ఘాతము

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలలోనూ వాటి చుట్టుపక్కల గ్రామాలలోనూ పరిచర్య చేసే సంఘకాపరులకు ఒకే ప్రశ్న మూడు వైపుల నుండి ఎదురవుతున్నది. ధ్యాన తరగతులకు వెళ్లివచ్చిన ఇరుగుపొరుగువారు విశ్వశక్తి గురించి మన విశ్వాసులతో మాట్లాడుతున్నారు. కళాశాలలలో చదివే మన యౌవనస్థులు ఆకర్షణ సూత్రము నిజమేనా అని అడుగుతున్నారు. స్వస్థత సభలకు వెళ్లివచ్చినవారు, రోగము పేరు నోట పలికితే రోగము నిలిచిపోతుందట కదా అని అడుగుతున్నారు. మాటలు వేరైనా వీటి సారము ఒక్కటే. మనిషిలోని శక్తి, అతని సంకల్పము కలిసి అతని మనోస్థితిని, శరీర ఆరోగ్యమును నిర్ణయిస్తాయి. ఆరోగ్యము కావాలంటే ఆలోచనను, మాటను మార్చుకోవాలి. రోగము వచ్చిందంటే ఆలోచనలోనో మాటలోనో లోపమున్నది.

ఈ బోధను అన్యుల బోధ అని ఒక్క మాటతో తోసివేయుట సులభము. అయితే అది మన ప్రసంగ వేదికల మీద కూడా వినబడుతున్నది గనుక ఆ సులభమార్గము మనకు లేదు. ఈ వ్యాసములో మేము మొదట ఈ బోధ ఎక్కడి నుండి వచ్చిందో, మన ప్రజలలో ఎందుకు వేరూనిందో చూస్తాము. తరువాత అందులో పరీక్షకు నిలిచిన దానిని, నిలువని దానిని వేరుచేసి, వాక్యపు వెలుగులో విమర్శిస్తాము. మా వాదన ఇది: ఈ బోధ దేవుని ఒక శక్తిగాను, రోగిని తన రోగమునకు కారకునిగాను మార్చుతున్నది. ఈ రెండింటిలో మొదటిది వేదాంత దోషము, రెండవది కాపరి దోషము. మొదటిదానిని దిద్దుకోకుండా రెండవది పోదు.

1. మూడు ద్వారాలు, ఒకే బోధ

మొదటి ద్వారము ధ్యాన కేంద్రాలు. సుభాష్ పత్రి 1990లో కర్నూలులో ప్రారంభించిన స్పిరిచ్యువల్ సొసైటీ నుండి పిరమిడ్ ధ్యాన ఉద్యమము ఎదిగింది. శ్వాస మీద ధ్యాస, శాకాహారము, పిరమిడ్ ఆకారపు కట్టడాలలో ధ్యానము దాని ముఖ్యాంశాలు. ధ్యానములో విశ్వశక్తి శరీరములోనికి ప్రవహించి రోగాలను తగ్గిస్తుందన్నది దాని బోధ. తన వాస్తవమును తానే సృష్టించుకుంటాడన్నది మనిషిని గురించి దాని మూలసూత్రము. పత్రి 2022 జూలైలో మరణించినా ఉద్యమము కొనసాగుతూనే ఉన్నది. రంగారెడ్డి జిల్లా కడ్తాల్ దగ్గరి మహేశ్వర మహాపిరమిడ్ దానికి పేరుపొందిన కేంద్రము. జపానులో 1922లో మికావో ఉసుయి ప్రారంభించిన రేకి, ఫిలిప్పీన్స్‌కు చెందిన చోవా కోక్ సూయి ప్రచారము చేసిన ప్రాణిక్ హీలింగ్ ఇదే వరుసలోనివి. వీటిలో చికిత్సకుడు చేతుల ద్వారా ప్రాణశక్తిని రోగికి అందిస్తానని, దాని అడ్డంకులను తొలగిస్తానని చెబుతాడు.

రెండవ ద్వారము వ్యక్తిత్వ వికాస గ్రంథాలు. రోండా బర్న్ 2006లో వెలువరించిన ‘ది సీక్రెట్’ ప్రపంచమంతటా అమ్ముడుపోయి తెలుగులోనికి కూడా వచ్చింది. ఆలోచన అయస్కాంతము వంటిదనీ, దానికి తగినదే జీవితములోనికి వస్తుందనీ ఆ గ్రంథపు సిద్ధాంతము. అడుగుట, నమ్ముట, పొందుట అనే మూడు మెట్లను అది క్రొత్త నిబంధన నుండే తీసుకున్నానని చెప్పుకొంటుంది. రచయిత్రికి ప్రేరణ ఇచ్చినది వాలెస్ వాటిల్స్ 1910లో వ్రాసిన ధనార్జన గ్రంథము. ఆ గ్రంథము ‘న్యూ థాట్’ అనే అమెరికా ఉద్యమపు సాహిత్యములోనిది.

మూడవ ద్వారము మన వేదికలే. ‘స్వస్థత పొందాను అని ప్రకటించు, అనుమానపు మాట పలుకకు, నీ నోటి మాటే నీ భవిష్యత్తు’ అనే సానుకూల ఒప్పుకోలు బోధ, అమెరికాకు చెందిన కెన్నెత్ హేగిన్ (1917-2003) పుస్తకాల ద్వారానూ టెలివిజన్ ద్వారానూ మన దేశములో వ్యాపించింది. హేగిన్‌కు ముందు ఇదే విధముగా బోధించినవాడు ఇ. డబ్ల్యు. కెన్యన్ (1867-1948). కొరియా కాపరి యొంగి చో 1979లో వ్రాసిన ‘ది ఫోర్త్ డైమెన్షన్’ మనస్సులో స్పష్టమైన చిత్రమును నిలుపుకొని ప్రార్థించుటను నేర్పింది. మన ప్రాంతములో చాలామంది సేవకులు ఈ బోధను చదివి కాక, వేరొక సేవకుని నోట విని నేర్చుకున్నారు.

ఈ ద్వారాలకు చరిత్రలో సంబంధమున్నదా? అమెరికాలోని మెయిన్ రాష్ట్రములో గడియారాలు చేసే ఫినియస్ క్వింబీ (1802-1866), రోగము తప్పుడు నమ్మకము వలన కలుగుతుందని, నమ్మకము మారితే రోగము పోతుందని బోధించాడు. అతని దగ్గర 1862లో చికిత్స పొందిన మేరీ బేకర్ ఎడ్డీ, 1875లో తన గ్రంథమును ప్రచురించి క్రిస్టియన్ సైన్స్ శాఖకు మూలకారకురాలైంది. న్యూ థాట్ కూడా క్వింబీ ప్రభావములో నుండే వచ్చింది. కెన్యన్ 1892లో బోస్టన్‌లో చదివిన వక్తృత్వ కళాశాల వాతావరణము ద్వారా ఈ ఆలోచనలు అతనిలోనికి వచ్చాయని డి. ఆర్. మెక్‌కానెల్ 1988లో వాదించాడు. కెన్యన్ మీద పరిశుద్ధతా ఉద్యమపు ప్రభావమే ఎక్కువని వాదించే పండితులు కూడా ఉన్నారు. ఈ వివాదము తీరకపోయినా మా విమర్శకు ఆటంకము లేదు. ఒక బోధ ఏ ఇంట పుట్టిందన్న దానికంటె, అది రోగి దగ్గర ఏమి చేస్తున్నదన్నది మనకు ముఖ్యము.

2. మన నేలలో ఈ బోధ ఎందుకు వేరూనింది?

ఈ బోధ మన ప్రాంతమునకు క్రొత్తదిగా తోచలేదు. అందుకే అంత తేలికగా చొరబడింది. ‘యద్భావం తద్భవతి’ అన్న మాట చదువు రానివారి నోట కూడా వింటాము. చెడు మాట పలికిన పిల్లవానిని, పైన తథాస్తు దేవతలుంటారని పెద్దలు మందలిస్తారు. కంటి చూపులో శక్తి ఉన్నదని దిష్టి తీస్తారు. మూడు తరాల నుండి క్రైస్తవులుగా ఉన్న కుటుంబాలలో కూడా ఈ భయము పోలేదని కాపరులకు తెలుసు. సానుకూల ఒప్పుకోలు బోధ ఈ పాత భయమునకు బైబిలు వచనాలు తొడిగింది. తథాస్తు దేవతల స్థానములో సాతానును ఉంచి, అపశకునపు మాట స్థానములో అవిశ్వాసపు మాటను ఉంచింది. భయము మాత్రము అదే.

దీనికి భాషా కారణము కూడా ఉన్నది. గ్రీకులోని ‘డునమిస్’ అనే పదమును మనము సాధారణంగా ‘శక్తి’ అంటాము. తెలుగు వినేవానికి శక్తి అంటే నింపదగినది, ఎక్కించదగినది, తగ్గేది, పెరిగేది. ఆ మాటకు మన దేశపు మత చరిత్రలో వేరే బరువు కూడా ఉన్నది. ‘శక్తి దిగివచ్చింది’, ‘శక్తి పాస్ అయింది’ అని మనము వేదిక మీద అనేటప్పుడు, వినేవారు పరిశుద్ధాత్మను ఒక వ్యక్తిగా తలంచుచున్నారా, కరెంటువలె తలంచుచున్నారా అని ఆలోచించుకోవాలి.

3. పరీక్షకు నిలిచినది, నిలువనిది

న్యాయముగా చెప్పవలసినది మొదట చెబుదాము. మనస్సు శరీరము మీద పనిచేస్తుంది. భయము గుండె వేగమును పెంచుతుంది, దిగులు నిద్రను, ఆకలిని పోగొడుతుంది. సంతోషించే మనస్సును ఔషధముతో పోల్చిన సామెత (సామెతలు 17:22) దీనిని ఎన్నడో చెప్పింది. మందు లేని మాత్ర ఇచ్చినా కొందరికి ఉపశమనము కలుగుతుంది. హెన్రీ బీచర్ అనే వైద్యుడు 1955లో దీని మీద వ్రాసిన వ్యాసము తరువాత, క్రొత్త మందును పరీక్షించేటప్పుడు ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూచుట వాడుకగా స్థిరపడింది. నొప్పి, వికారము, ఆందోళన వంటి వాటిలో ఈ ప్రభావము కనబడుతుంది. ఇది కణితిని కరిగించదు, దెబ్బతిన్న మూత్రపిండమును బాగుచేయదు. కాబట్టి ధ్యానము వలన మనస్సు నెమ్మదించిందని ఒకరు చెబితే మనము నమ్మవచ్చు. అలా నెమ్మదించినందుకు విశ్వశక్తి కారణమని చెప్పినప్పుడు ఋజువు అడగాలి.

ఋజువు అడిగిన సందర్భమొకటి ప్రసిద్ధమైనది. అమెరికాలో ఎమిలీ రోజా అనే తొమ్మిదేండ్ల బాలిక, రోగి శరీరము చుట్టూ ఉండే శక్తిని చేతులతో గ్రహించగలమని చెప్పుకొనే 21 మంది చికిత్సకులను పరీక్షించింది. మధ్యలో అడ్డు పెట్టి, వారి చేతులలో ఏదో ఒక దాని దగ్గర తన చేతిని ఉంచి, ఏ చేతి దగ్గర ఉన్నదో చెప్పమన్నది. 280 ప్రయత్నాలలో 123 మాత్రమే సరిపోయాయి. అంటే నూటికి 44. బొమ్మా బొరుసా వేసి చెప్పినా సగము సరిపోవాలి. ఈ ఫలితము 1998లో అమెరికా వైద్య సంఘపు పత్రికలో ప్రచురితమైంది.

అయితే ఇదే కొలబద్దను మన ప్రార్థనకు పెడితే ఏమవుతుంది? ఈ ప్రశ్నను దాటవేయుట నిజాయితీ కాదు. హెర్బర్ట్ బెన్సన్ బృందము 2006లో ప్రచురించిన అధ్యయనములో గుండె ఆపరేషన్ చేయించుకున్న 1802 మంది రోగులున్నారు. తమ కొరకు ప్రార్థన జరుగుతుందో లేదో తెలియనివారు రెండు గుంపులు. వారిలో ప్రార్థన జరిగినవారికి నూటికి 52 మందిలోనూ, జరగనివారికి నూటికి 51 మందిలోనూ ఆపరేషన్ తరువాత చిక్కులు వచ్చాయి. తమ కొరకు ప్రార్థన తప్పక జరుగుతుందని తెలిసిన మూడవ గుంపులో నూటికి 59 మందికి వచ్చాయి. 

ఈ ఫలితము చూచి విశ్వాసము కదలనవసరము లేదు, దానిని దాచనవసరమూ లేదు. ప్రార్థన ఒక శక్తి ప్రసారమైతే, ఎక్కువ పంపినచోట ఎక్కువ ఫలితము రావలసినదే, రాకపోతే ప్రార్థన ఓడినట్టే. ప్రార్థన తండ్రితో బిడ్డ చేసే మనవి అయితే, అది కొలతకు లొంగదు. తండ్రి జవాబును బిడ్డ నిర్ణయించడు. మన వేదికల మీద ‘ప్రార్థన పనిచేస్తుందని సైన్సు ఋజువు చేసింది’ అని చెప్పేవారు తెలియకుండానే ప్రార్థనను మొదటి కోవలోనికి నెట్టుతున్నారు. అనుకూల ఫలితము వచ్చిన నాడు సైన్సును సాక్షిగా పిలిచినవారు ప్రతికూల ఫలితము వచ్చిన నాడు ఏమి చెబుతారు?

4. నల్గొండ నీరు చెప్పే పాఠము

జపానుకు చెందిన మసారు ఎమోతో 1999లో, నీటితో ప్రేమగా మాట్లాడితే దాని స్ఫటికాలు అందముగా ఏర్పడతాయని, దూషిస్తే వికారముగా ఏర్పడతాయని ఛాయాచిత్రాలతో ఒక గ్రంథము ప్రచురించాడు. మనిషి శరీరములో అధిక భాగము నీరే గనుక మాట మనిషి ఆరోగ్యమును మార్చుతుందన్నది దాని నుండి తీసే వాదన. స్వతంత్రముగా, కట్టుదిట్టమైన పద్ధతిలో ఇది నిర్ధారణ కాలేదు. అయినా నోటి మాట శక్తికి ఉదాహరణగా దీనిని చెప్పేవారున్నారు.

నీటిని గురించి మన పూర్వపు నల్గొండ జిల్లా ప్రజలకు వేరొకరు నేర్పనక్కరలేదు. సూర్యాపేట, కోదాడ 2016 అక్టోబరు వరకు ఆ జిల్లాలోనివే. మిర్యాలగూడ నేటికీ నల్గొండ జిల్లాలోనే ఉన్నది. జిల్లా పడమటి భాగములోని మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి మండలాలలో బోరు నీటిలోని ఫ్లోరైడ్ తరాల తరబడి ప్రజల పండ్లను, ఎముకలను పాడుచేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. అక్కడి అనేక గ్రామాల నీరు ఆ హద్దును మించినది. ఆ ఫ్లోరైడ్ భూమిలోని రాతి నుండి నీటిలోనికి దిగింది. త్రాగినవారు నీటిని దూషించలేదు. దాహముతో, కొందరు స్తోత్రముతో త్రాగారు. ముగ్గురు పిల్లలున్న ఇంట్లో ముగ్గురి కాళ్లూ వంగిపోయినప్పుడు, వారి ఆలోచనలలో దోషము వెదకే ధైర్యము ఎవరికున్నది?

ఆ నీటిని మార్చినది ఏమిటో కూడా చూడాలి. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, నీటిలో పటిక, సున్నము, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు చేర్చి వడకట్టే పద్ధతిని రూపొందించింది. దానికి పేరు ‘నల్గొండ టెక్నిక్’. సమస్య తీవ్రతను దేశమునకు తెలుపుటకు 1996 లోక్‌సభ ఎన్నికలలో నల్గొండ స్థానములో ఏకంగా 480 మంది పోటీ చేశారు. బ్యాలెట్ పత్రము పుస్తకమంత అయింది. తరువాతి కాలములో మిషన్ భగీరథ ద్వారా నదీజలాలు గ్రామాలకు చేరాయి. అప్పటికే వంగిన ఎముకలు మాత్రము తిరిగి నిటారు కాలేదు.

శక్తి, సంకల్పముల బోధలోని సామాజిక దోషము ఇక్కడ బయటపడుతున్నది. రోగమునకు మూలము రోగి మనస్సులోనే ఉన్నదంటే, నీటిని పరీక్షించవలసిన పని ఎవరికీ ఉండదు. మిర్యాలగూడ రైసు మిల్లులో ఊక దుమ్ము పీల్చే కూలీ ఊపిరితిత్తులకు, చేలో మాస్కు లేకుండా పురుగుమందు కొట్టే కౌలురైతు తలతిరుగుడుకు, రెండు పూటల పనిచేసి అర్ధాకలితో పడుకొనే స్త్రీ రక్తహీనతకు జవాబు చెప్పవలసినవారందరూ తప్పించుకుంటారు. ఆమోసు, మీకా ప్రవక్తల సంఘము ఇటువంటి బోధకు తలుపు తీయరాదు.

5. వాక్య పరిశీలన

ఈ బోధకు ఆధారముగా చూపే వచనాలను ఒక్కొక్కటిగా చూద్దాము.

సామెతలు 23:7: మనిషి హృదయములో తలంచినట్టే అతడు ఉంటాడన్న పాత ఆంగ్ల తర్జుమాను ఆధారము చేసుకొని జేమ్స్ అలెన్ 1903లో తన ప్రసిద్ధ గ్రంథమునకు పేరు పెట్టాడు. మన పాత తెలుగు బైబిలు తెరచి చూచినవారికి అక్కడ వేరే చిత్రము కనబడుతుంది. పైకి తినుమని మర్యాద చేస్తూ, లోలోపల ఖర్చు లెక్కలు చూచుకొనే పిసినారి ఆతిథేయుని గురించిన హెచ్చరిక అది. ఆలోచనతో ఆరోగ్యము సృష్టించుకొనుటకు ఆ వచనముతో సంబంధము లేదు.

సామెతలు 18:21: చావు బ్రతుకులు నాలుక వశములో ఉన్నాయన్న ఈ సామెత చుట్టూ ఉన్నవన్నీ తగవులు, కొండెములు, తీర్పులు, స్నేహాలను గురించిన మాటలు. అబద్ధ సాక్ష్యము నిర్దోషిని చంపగలదు, మంచి మాట కృంగినవానిని బ్రతికించగలదు. ఇక్కడ నాలుక పనిచేసేది పొరుగువాని మీద. సామెత నేర్పేది ఆ పొరుగువాని యెడల మన బాధ్యత.

రోమా 4:17: లేనివాటిని ఉన్నట్టుగా పిలుచువాడు ఈ వచనములో దేవుడు. అబ్రాహాము కాదు, మనము కాము. వాక్యములోని కర్తను మార్చితే వేదాంతమంతా మారిపోతుంది.

మార్కు 11:23-24: నమ్మి అడిగినది దొరుకుతుందన్న వాగ్దానము ‘దేవునియందు విశ్వాసము’ అన్న మాట తరువాతనే వచ్చింది. అదే సువార్తలో మూడు అధ్యాయాల తరువాత, ఆ వాగ్దానము చేసిన ప్రభువే గెత్సేమనేలో తన గిన్నె తొలగింపుమని అడిగి, తన చిత్తమును తండ్రి చిత్తమునకు అప్పగించాడు (14:36). 11వ అధ్యాయమును 14వ అధ్యాయము లేకుండా బోధించేవారు సగము సువార్తనే బోధిస్తున్నారు. 

మార్కు 5:25-34: రక్తస్రావముగల స్త్రీ వస్త్రము ముట్టినప్పుడు ప్రభువులో నుండి ప్రభావము బయలువెళ్లింది. ఇది శక్తి ప్రసారము కాదా అని అడుగుతారు. వృత్తాంతము అక్కడ ఆగిపోతే అట్లే అనుకోవచ్చును. కాని ప్రభువు ఆగాడు, ఎవరని వెదికాడు, ఆమె సంగతంతా విన్నాడు, కుమారీ అని పిలిచాడు. శక్తి చాలినదైతే ఈ సంభాషణ అక్కరలేదు. ఆమెకు స్వస్థత దొరికిన తరువాత ఆమెకు ప్రభువు కూడా దొరకాలని ఆయన ఆగాడు. ఇందుకు భిన్నముగా, శక్తిని వెలకట్టి కొనవచ్చును, చేతుల ద్వారా ఎక్కించవచ్చును అని తలంచిన గారడీవాడు సీమోను పేతురు చేత గద్దింపబడ్డాడు (అపొ. కా. 8:18-24).

‘ఎనర్జీ’ అన్న ఆంగ్ల పదమునకు మూలమైన ‘ఎనెర్గేయా’ పౌలు పత్రికలలోనిదే. ఎఫెసీ 1:19, కొలొస్సయి 1:29 వంటి చోట్ల అది ఎవరో ఒకరు చేసే క్రియను సూచిస్తుంది. ఆ క్రియకు కర్త దేవుడు. కర్త నుండి విడదీసి నిలువచేయగల పదార్థముగా పౌలు దానిని ఎక్కడా చెప్పలేదు.

విశ్వాసము లేనందున నజరేతులో ప్రభువు ఎక్కువ అద్భుతములు చేయలేదు కదా (మార్కు 6:5-6) అన్న ప్రశ్న కూడా వస్తుంది. అక్కడ ఖండింపబడినది ఆయనను తృణీకరించిన ఊరు. మంచము మీదున్న రోగులు కారు. పైగా ఆ ఊరిలో కూడా కొందరు రోగులను ఆయన బాగుచేశాడు. బేతెస్ద కోనేటి దగ్గరి మనిషికి తనను బాగుచేసినవాడెవరో కూడా తెలియదు (యోహాను 5:13). నాయీను విధవరాలి కుమారుడు ఏ ఒప్పుకోలూ చేయలేదు (లూకా 7:11-15). మరొకవైపు పౌలు త్రోఫిమును రోగిగానే మిలేతులో విడిచివచ్చాడు (2 తిమోతి 4:20), తిమోతి కడుపు జబ్బుకు ఇంటి వైద్యము చెప్పాడు (1 తిమోతి 5:23). తన శరీరములోని ముల్లును గురించి మూడుసార్లు వేడుకొని, తీసివేయను అన్న జవాబును కృపగా అంగీకరించాడు (2 కొరింథీ 12:7-9). వీరికి విశ్వాసము చాలలేదని ఏ బోధకుడు చెప్పగలడు?

6. రోగి మీద రెండవ భారము

కోదాడ ప్రాంతములో డయాలసిస్ చేయించుకుంటున్న ఒక సోదరిని దర్శించినప్పుడు ఆమె మమ్మును ఇట్లు అడిగింది: “నేనేం మాటన్ననని నాకీ రోగమొచ్చింది అయ్యగారూ? యాది చేసుకుంటున్న, యాదికొస్తలేదు.” ఆమెకు ఎవరో, నోటి మాట వలననే రోగము ఇంటిలోనికి వస్తుందని చెప్పారు. వారానికి మూడుసార్లు యంత్రము మీద పడుకొనే ఆ మనిషి, ఆ నాలుగేసి గంటలు తన జీవితమంతా తవ్వుకుంటూ, తాను పలికిన ఏదో ఒక మాట కొరకు వెదకుతున్నది. ఆమె శరీరము మోసే భారము ఒకటి. మన బోధ ఆమె మీద మోపినది రెండవది.

యోబు స్నేహితులు చేసినది ఇదే. వారు యేడు దినాలు మౌనముగా కూర్చున్నంతసేపు మంచి స్నేహితులుగా ఉన్నారు. కారణము చెప్పుట ప్రారంభించినప్పుడు నిందించేవారయ్యారు. వారి సిద్ధాంతము క్రియను గురించినది, మన కాలపు సిద్ధాంతము ఆలోచనను గురించినది. తర్కము ఒక్కటే: బాధపడుతున్నావు గనుక కారణము నీలోనే ఉన్నది. గ్రుడ్డివాని చూచి ఎవరి పాపమని అడిగిన శిష్యులకు ప్రభువు ఆ ప్రశ్ననే త్రోసిపుచ్చాడు (యోహాను 9:1-3). సిలోయము గోపురము క్రింద చనిపోయినవారిని గురించి కూడా ఆయన అట్లే మాట్లాడాడు (లూకా 13:4-5).

ఈ బోధ ఓడిపోవుటకు అవకాశమే లేని విధముగా కట్టబడినదని కూడా గమనించాలి. రోగి బాగుపడితే ఘనత బోధకునిది. బాగుపడకపోతే తప్పు రోగి విశ్వాసానిది. 2021 కోవిడ్ రెండవ అలలో తెలుగు రాష్ట్రాలలో అనేకమంది దైవసేవకులు ప్రభువు సన్నిధికి చేరారు. వారిలో జీవితమంతా స్వస్థతను ప్రకటించినవారున్నారు, ఇతరుల కొరకు ఉపవాసమున్నవారున్నారు. వారి సమాధుల దగ్గర నిలిచి సానుకూల ఒప్పుకోలు బోధను ఎవరూ వినిపించలేకపోయారు. సమాధి దగ్గర పలుకలేని బోధను మంచము దగ్గర పలుకరాదు.

7. కాపరులు చేయదగినవి

మన విశ్వాసులు ధ్యాన కేంద్రాలకు ఎందుకు వెళుతున్నారో అడిగితే, ఎక్కువమంది చెప్పే కారణము సిద్ధాంతము కాదు. అక్కడ ఎవరో కూర్చుని విన్నారు, అర గంట నిశ్శబ్దము దొరికింది అంటారు. మన కూటములలో మైకు హోరు ఉన్నది గాని నిశ్శబ్దము లేదు. మనస్సు, శరీరము రెండూ దేవుని సృష్టియేనని నమ్మే మనము కృంగుదల, నిద్రలేమి, భయము వంటివాటిని దయ్యముల పని అనో అవిశ్వాసమనో త్రోసివేశాము. ఆ ఖాళీలోనికే ఇతర బోధలు వచ్చాయి. కావున విమర్శతోపాటు దిద్దుబాటు కూడా అవసరము.

మొదటిది, రోగిని దర్శించినప్పుడు కారణము చెప్పకుండా ఉండుట అభ్యాసము చేయాలి. రెండవది, యాకోబు 5:14 ప్రకారము ప్రార్థన చేయవలసినవారు పెద్దలు. అక్కడ రోగి పని పిలుచుట మాత్రమే. విశ్వాసపు భారమును సంఘము మోయాలి, పక్షవాయువుగలవానిని నలుగురు మోసినట్లు (మార్కు 2:3-5). మూడవది, వైద్యుడు చెప్పకుండా మందులు మానమని ఏ కాపరియు చెప్పరాదు. స్వస్థత సాక్ష్యమును వైద్య పరీక్ష తరువాతనే వేదిక మీదికి తేవాలి. దేవుడు చేసిన కార్యము పరీక్షకు భయపడదు. యెషయా హిజ్కియాకు దేవుని వాగ్దానముతోపాటు అంజూరపు పండ్ల కట్టును కూడా చెప్పాడు (యెషయా 38:21). నాలుగవది, 88వ కీర్తన వంటి విలాప కీర్తనలను ఆరాధనలో చదవాలి. బాధను బాధ అని దేవుని యెదుట పలుకుట అవిశ్వాసమైతే కీర్తనల గ్రంథములో సగము తీసివేయవలసి వస్తుంది. అయిదవది, మానసిక వ్యాధికి వైద్యమున్నదని ప్రసంగములోనే చెప్పాలి. కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ సహాయ సంఖ్య 14416ను సంఘపు నోటీసు బోర్డు మీద వ్రాయుటకు ఖర్చేమీ లేదు. సూర్యాపేటలోనూ నల్గొండలోనూ 2019 నుండి ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి గనుక పేద విశ్వాసులను అక్కడికి తోడుకొనిపోవుట కూడా పరిచర్యలో భాగమే.

తెలంగాణ సంఘ చరిత్రలో దీనికి మాదిరి ఉన్నది. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్, జార్జి కెర్ దంపతులు 1915లో కుష్ఠు వైద్యశాలను ప్రారంభించారు. ఆనాటి సమాజము కుష్ఠును పూర్వపాపపు ఫలమని, శాపమని ఎంచి రోగిని ఊరి బయట పెట్టింది. ఆ దంపతులు వారికి గదులు కట్టించి, ఆనాటికి తెలిసిన హిడ్నోకార్పస్ నూనె ఇంజెక్షన్లు ఇచ్చి, వారితో కలిసి ప్రార్థించారు. ప్రార్థనకు వైద్యమునకు మధ్య వారికి తగవు కనబడలేదు. రోగికి కావలసినది నింద కాదని, చేయి అని వారు ఎరుగుదురు.

ముగింపు

శక్తి, సంకల్పముల బోధ మనిషికి గొప్ప అధికారమును వాగ్దానము చేస్తుంది. ఆరోగ్యముగా ఉన్నంతకాలము ఆ వాగ్దానము తియ్యగానే ఉంటుంది. రోగము వచ్చిన నాడు అదే అధికారము నేరారోపణగా మారుతుంది, ఎందుకంటే అన్నీ నా చేతిలోనే ఉన్నప్పుడు చెడినదంతా నా చేతి తప్పే. సువార్త చెప్పేది వేరు. మన శరీరములు మంటివి, మన మనస్సులు బలహీనమైనవి, అయినను మన బ్రతుకు మన ఆలోచన బలము మీద ఆధారపడిలేదు. మనము నమ్మలేని దినమున కూడా నమ్మదగినవాడుగా ఉండు దేవుని మీద ఆధారపడియున్నది (2 తిమోతి 2:13).

సెమినరీలో చదువుచున్న విద్యార్థులు రేపు ఏదో ఒక ఆసుపత్రి మంచము దగ్గర నిలుస్తారు. యాదికి రాని మాట కొరకు వెదకుతున్న ఎవరో ఒకరు వారి ముఖము వైపు చూస్తారు. ‘నీవు ఏమీ అనలేదమ్మా’ అని చెప్పగల వేదాంతము వారికి ఇచ్చి పంపుట మన సెమినరీల బాధ్యత. ఆ మాట చెప్పి, కుర్చీ దగ్గరకు లాగుకొని కూర్చొనుట వారి బాధ్యత.